సందేహాలు – సమాధానాలు: మేలారెన్ సరస్సు, మన కుందూ లోయ

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చాయి. స్వీడన్‌లో ఉన్న కొడుకు గురించి ఒక తల్లి అడిగిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. మిగతావాటిలో చాలావరకు అక్కడి మేలారెన్ సరస్సుతో ముడిపడినవే కాబట్టి ఒకచోట చేర్చి జవాబులు రాశాను.

మావాడు స్వీడన్‌లో వెస్టెరోస్ అనే ఊర్లో పని చేస్తున్నాడు. జనవరిలో ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ చెరువు గడ్డకట్టింది, దాని మీదనే నడుచుకుంటా పోయినాం" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చెరువు ఎంత లోతు ఉంటాది? అట్ల నడిచేది ప్రమాదం కాదా?
– ఒక తల్లి, పాణ్యం

అమ్మా, మీ అబ్బాయి నడిచిన ఆ చెరువు పేరు మేలారెన్. స్వీడన్‌లో వెనెర్న్, వెట్టెర్న్ అనే రెండింటి తర్వాత మూడో పెద్ద సరస్సు ఇదే. విస్తీర్ణం దాదాపు 1,140 చదరపు కిలోమీటర్లు. పడమరన శోపింగ్ పట్టణం నుంచి తూర్పున స్టాక్‌హోమ్ దాకా 120 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. మన చెరువులాగా ఒకే గుండ్రటి నీటిమడుగు కాదు. వందల పాయలు, ఇరుకు దారులు, మధ్యలో వెయ్యికి మించిన దీవులు. ఒక దీవి మీద వ్యవసాయం, ఇంకోదాని మీద రాజభవనం, మరోదాని మీద పైన్ చెట్లు తప్ప ఏమీ ఉండవు. సగటు లోతు 13 మీటర్లు. కొన్నిచోట్ల 60 మీటర్లు దాటుతుంది.

ఇక ప్రమాదం మాట. గడ్డకట్టిన నీటి మీద నడవడం, స్కేటింగ్ చేయడం అక్కడి వాళ్ళకు తరతరాల అలవాటు. చలి గట్టిగా పడిన ఏడాది పిల్లాజెల్లా అంతా సరస్సు మీదకే వస్తారు. అయితే దానికి వాళ్ళు పాటించే కట్టుబాట్లున్నాయి. గట్టి మంచు కనీసం 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, ఉంటేనే కాలు పెడతారు. ఒంటరిగా వెళ్ళరు. మెడలో రెండు చిన్న మేకుల పిడులు వేలాడదీసుకుంటారు. పొరపాటున మంచు విరిగి నీళ్ళలో పడితే ఆ మేకులను అంచున గుచ్చి పైకి పాకి రావడానికి అవి. వీపున కట్టుకునే సంచిలో పొడి బట్టలు నీళ్ళు చొరకుండా మూటగట్టి ఉంచుకుంటారు. ఆ సంచి మనిషిని తేల్చి ఉంచుతుంది కూడా.

జాగ్రత్త పడాల్సింది మూడు చోట్ల. నీటిపాయ ఇరుకై ప్రవాహం ఉండే చోటు, వంతెనల కింద, ఓడల దారి పక్కన. వెస్టెరోస్, శోపింగ్ రేవులకు సరుకు ఓడలు చలికాలంలో కూడా వస్తాయి. వాటి కోసం మంచును పగలగొట్టి దారి తెరిచి ఉంచుతారు. మార్చి వచ్చాక మంచు మందంగా కనిపించినా లోపల బలం ఉండదు. మీవాణ్ణి నడవొద్దని అనకండి. "స్థానికులు వెళ్తేనే, వాళ్ళతోనే, మెడలో ఆ మేకులు వేసుకుని వెళ్ళు" అని చెప్పండి. ఆ మాట వింటే మీరు భయపడాల్సిన పని లేదు.

మేలారెన్ ఒకప్పుడు సముద్రమని, తర్వాత సరస్సయిందని చదివాను. సముద్రం ఎలా సరస్సవుతుంది? నీళ్ళు తీపి ఎలా అయ్యాయి?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

మీరు చదివింది నిజం. స్వీడన్ నేలంతా ఒకప్పుడు రెండు మూడు కిలోమీటర్ల మందాన మంచు కింద ఉండేది. ఆ బరువుకు భూమి పైపొర కిందికి అణిగిపోయింది. సుమారు పది పదకొండు వేల ఏళ్ళ కిందట ఆ ప్రాంతంలో మంచు కరిగి వెనక్కి తగ్గింది. బరువు పోయినా నేల ఒక్కసారిగా లేవలేదు. దూది పరుపు మీద బరువైన మనిషి కూర్చుని లేచాక ఆ గుంట నిదానంగా పూడినట్టు, ఇన్ని వేల ఏళ్ళుగా అది లేస్తూనే ఉంది. స్టాక్‌హోమ్ దగ్గర ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు మిల్లీమీటర్లు లేస్తోంది.

ఏడాదికి అయిదు మిల్లీమీటర్లంటే తక్కువే అనిపిస్తుంది. వెయ్యేళ్ళకు లెక్క వేయండి, అయిదు మీటర్లు! అంత ఎత్తు పెరిగితే తీరం పటమే మారిపోతుంది. వైకింగుల కాలంలో, అంటే క్రీ.శ. 800–1050 మధ్య, మేలారెన్ బాల్టిక్ సముద్రపు పాయ. ఓడలు నేరుగా లోపలికి వచ్చేవి. సుమారు 1200 నాటికి సముద్రం వైపు ఉన్న రాతి గడప నీటిమట్టానికి పైకి లేచింది. ఉప్పునీరు లోపలికి రావడం ఆగి, నదులు తెచ్చే నీరు నిండి తీపి సరస్సయింది. ఆ గడప దగ్గరే, సరిగ్గా సరస్సు మూతి మీద, స్టాక్‌హోమ్ వెలిసింది. దాని పేరు మొదటిసారి పత్రాల్లో కనిపించేది 1252లో. లోపలికీ బయటికీ వెళ్ళే ప్రతి పడవా ఆ మూతి దాటాల్సిందే కాబట్టి, దాన్ని పట్టుకున్నవాడి చేతిలోకి దేశం వచ్చింది.

ఆ పాత సముద్రపు రోజుల గుర్తులు రెండు చెబుతాను. బ్యోర్కో అనే దీవి మీద బిర్కా అని ఒక వర్తక పట్టణం ఎనిమిదో శతాబ్దంలో పుట్టి పదో శతాబ్దం చివరికి ఖాళీ అయిపోయింది. అక్కడి తవ్వకాల్లో అరబ్బు వెండి నాణేలు దొరికాయి. రష్యా నదుల మీదుగా బాగ్దాదు దాకా ఆ ఊరికి బేరాలుండేవి. 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రెండోది నాకు మరీ ఇష్టమైనది. హెల్‌యో అనే మరో దీవిలో 1950లలో తవ్వుతుంటే చిన్న కంచు బుద్ధుడు బయటపడ్డాడు. పద్మం మీద కూర్చున్న విగ్రహం, ఎత్తు బెత్తెడు మాత్రమే. ఆరో శతాబ్దంలో భారత ఉపఖండపు వాయవ్యాన, స్వాత్ లోయ ప్రాంతంలో పోతపోసినది. ఎన్ని చేతులు మారి, ఎన్ని నదులు దాటి అక్కడికి చేరిందో ఊహించుకోవలసిందే. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో ఉంది.

మీరు అడగకపోయినా ఒక మాట. సముద్రం పోయి నేలయిన కథ మీ కాళ్ళ కిందా ఉంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. కర్నూలు పొరలకు వాడుకలో ఉన్న పేర్లు కింది నుంచి పైకి చదవండి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. అన్నీ మన ఊళ్ళే! ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివేవాడైనా భారతదేశపు పాత రాళ్ళ దగ్గరికి వస్తే పాణ్యం పేరు పలకాలి. ఈ పొరలన్నీ కోట్ల ఏళ్ళ కిందటి లోతు తక్కువ సముద్రంలో, దాని ఒడ్డున పేరుకున్న ఇసుక, బురద, సున్నం. పాణ్యం కొండల నెత్తిన బల్లపరుపుగా కనిపించే గట్టిరాయి ఆనాటి ఇసుకే. బేతంచెర్ల నాపరాయి ఆనాటి సున్నపు బురదే. మేలారెన్ వయసు ఎనిమిది వందల ఏళ్ళు. మన సముద్రం పోయి ఎంత కాలమైందో చెప్పడానికి సంవత్సరాల లెక్క చాలదు. పాణ్యం రైల్వే స్టేషన్‌లో దిగినప్పుడు ఆ కొండల వైపు ఒకసారి తలెత్తి చూడండి.

మా పొలం గోరుకల్లు రిజర్వాయర్ దగ్గర. వెలుగోడు, గోరుకల్లు, అవుకు... ఇన్ని నీళ్ళు చుట్టూ పెట్టుకున్నాం గదా, మనది కూడా సరస్సుల సీమ అనొచ్చా? స్వీడన్ వాళ్ళ సరస్సు ఎండాకాలం కూడా తగ్గదంట. అక్కడ వానలు అంత ఎక్కువా?
– ఒక రైతు, పాణ్యం మండలం

మొదట వాన సంగతి చెబుతాను, విని ఆశ్చర్యపోతారు. స్టాక్‌హోమ్‌లో ఏడాదికి పడేది వానా మంచూ కలిపి సుమారు 550 మిల్లీమీటర్లు. మన నంద్యాల ప్రాంతంలో మామూలు ఏడాదిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. తేడా మరోచోట ఉంది. వాళ్ళకు అది పన్నెండు నెలలకూ పంచి పడుతుంది. చలికాలమంతా మంచుగా నిలవ ఉండి వసంతంలో కరిగి వస్తుంది. ఎండ తీవ్రత లేదు కాబట్టి ఆవిరై పోయేది తక్కువ. మనకు నాలుగు నెలల్లో పడిపోతుంది. ఆ తర్వాత తెరిచి ఉన్న నీటి మీద నుంచి ఏడాదికి సుమారు రెండు మీటర్ల మందం ఎండ తాగేస్తుంది. కాబట్టి ఆకాశం మనకు తక్కువ ఇచ్చిందని అనడం సరికాదు. ఇచ్చినదాన్ని నిలుపుకోవడమే ఇక్కడ కష్టం.

ఇప్పుడు మీకు బాగా తెలిసిన టీఎంసీల్లో చూద్దాం. మేలారెన్‌లో ఉండే నీళ్ళు దాదాపు 500 టీఎంసీలు. ఇప్పటి శ్రీశైలం నిండితే 215. మన వెలుగోడు 16.95, గోరుకల్లు 12.44, అవుకు 4.15. మూడూ కలిపితే 33 చిల్లర. పరిమాణంలో పోలికే లేదు. అయినా నా తీర్పు అడిగితే, మనది సరస్సుల సీమ అనవచ్చుననే అంటాను, ఒక షరతుతో. మేలారెన్‌ను మంచు, నేల కలిసి చేశాయి. మన నీటిని మనుషులు చేశారు.

ఎర్రమలకూ నల్లమలకూ మధ్య ఉన్న ఈ లోయలో సహజంగా పుట్టిన పెద్ద సరస్సు ఏదీ లేదు. ఉన్న నది కుందూ. అది ఓర్వకల్లు మండలంలో ఎర్రమలలో పుట్టి, నంద్యాల మీదుగా దక్షిణానికి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. దాన్ని నమ్ముకుని ఇంత వరి పండదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు–కడప కాలువ తవ్వింది. సేద్యానికే కాక పడవలు నడపడానికీ ఉద్దేశించిన కాలువ అది. కంపెనీకి నష్టం వచ్చింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. షేర్లు కొన్నవాళ్ళు నష్టపోయిన ఆ కాలువే నంద్యాల సోనా బియ్యానికి పేరు తెచ్చింది.

తర్వాత శ్రీశైలం వచ్చింది. కృష్ణ నీరు పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళి బనకచర్లకు చేరుతుంది. అక్కడి తలుపుల దగ్గర నుంచి ఒక దారి వెలుగోడుకు పోతుంది. అది తెలుగుగంగ. 1983లో మొదలైన ఈ పథకంలో నీరు సోమశిల, కండలేరు మీదుగా మద్రాసు వాళ్ళ పూండి దాకా వెళుతుంది. ఇంకో దారి శ్రీశైలం కుడిగట్టు కాలువగా మీ గోరుకల్లుకు వస్తుంది. అక్కడి నుంచి అవుకు, ఆపైన గండికోట. అంటే మీ ఇంటి ముందు నిలిచిన నీళ్ళు పడమటి కనుమల్లో పడిన వాన. మహాబలేశ్వరం దగ్గర పడిన చినుకు పాణ్యంలో మడి తడుపుతోంది. మహానంది కోనేరు మాత్రం దీనికి మినహాయింపు. ఏడాది పొడవునా ఒకే తీరుగా ఊరే ఆ నీరు నల్లమల సొంత సొత్తు.

షరతు ఏమిటంటే, చేతితో చేసిన సరస్సును చేతితోనే కాపాడుకోవాలి. కట్ట, తూము, పూడిక, గేట్లు, వీటిలో ఏ ఒక్కటి పట్టించుకోకపోయినా మన సరస్సు ఉండదు. మేలారెన్ కూడా ఇప్పుడు పూర్తిగా ప్రకృతికి వదిలేసినది కాదని గమనించండి. 1940ల నుంచి దాని మట్టాన్ని తూములతో అదుపు చేస్తున్నారు. ఇటీవల స్టాక్‌హోమ్ నడిబొడ్డున స్లుసెన్ అనే చోట పాత తూములు తీసి ఇంకా పెద్దవి కట్టారు, వరద వస్తే నగరం మునగకుండా. అందుకు కోట్ల క్రోనర్లు ఖర్చు చేశారు.  మనం ప్రారంభోత్సవం రోజున చూపే శ్రద్ధలో పదోవంతు మరమ్మతుల మీద చూపితే చాలు.

స్వీడన్‌లో అంతమంది మేలారెన్ సరస్సు చుట్టూ ఎందుకు చేరారు? మన తెలుగు నేల మీద అలాంటి చోటు ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆళ్ళగడ్డ

మాస్టారూ, స్టాక్‌హోమ్, ఉప్సాలా, సోడర్‌మన్‌లాండ్, వెస్ట్‌మన్‌లాండ్ – సరస్సు చుట్టూ ఉన్న ఈ నాలుగు జిల్లాల్లో ముప్ఫై లక్షలకు పైగా జనం ఉన్నారు. స్వీడన్ మొత్తం జనాభా కోటీ అయిదు లక్షల లెక్కన చూస్తే దాదాపు మూడోవంతు. కారణం పాత సముద్రమే. నేల లేచినప్పుడు బయటపడ్డ సముద్రపు అడుగు బంకమట్టి గోధుమకూ బార్లీకీ శ్రేష్ఠమైనది. దాని పక్కనే నీటి దారి. ఉత్తరాన బెర్యస్లాగెన్ కొండల్లోని ఇనుము ఈ సరస్సు మీద పడవల్లో స్టాక్‌హోమ్ చేరి ఐరోపా అంతటికీ వెళ్ళేది. పంట, ఇనుము, దారి ఒకచోట కలిస్తే ఊళ్ళు వాటంతట అవే పెరుగుతాయి. 1477లో ఉప్సాలా విశ్వవిద్యాలయం వచ్చింది. ఎస్కిల్‌స్టూనాలో కత్తులూ పనిముట్లూ, వెస్టెరోస్‌లో విద్యుత్ యంత్రాలూ తయారయ్యాయి. మొదటి ప్రశ్న అడిగిన తల్లిగారి కొడుకులాంటి వాళ్ళు ఇప్పుడు వెళుతున్నదీ ఆ పరిశ్రమల కోసమే.

మన దగ్గర పోల్చదగినది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. మధ్యలో లంక గ్రామాలు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ, చుట్టూ చేపలు, వరి, జనం. అయిదో కాంటూరు (సమాన ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెంచారు. 

రెండింటికీ భయం కూడా ఒకటే. మేలారెన్ నీటిమట్టం సముద్రం కంటే మీటరు కూడా ఎత్తులో లేదు. కొల్లేరు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి పోతుంది. సరస్సులో నీరు తగ్గితే అదే దారిన ఉప్పునీరు ఎదురెక్కుతుంది. సముద్రం పెరిగే కొద్దీ రెండు చోట్లా తీపినీటిని కాపాడుకోవడమే పెద్ద పని. ఇరవై లక్షల మంది తాగేది మేలారెన్ నీరే కాబట్టి స్వీడన్‌లో ఆ లెక్కలు ఇప్పటి నుంచే వేస్తున్నారు.

ఇంకో సంగతి చెప్పి తీరాలి. 1960లలో మేలారెన్ మురికికూపం. పట్టణాల మురుగు నేరుగా కలిసి, నాచు పట్టి, ఎన్నో పాయలు ఈతకు పనికిరాకుండా పోయాయి. 1970 ప్రాంతం నుంచి ప్రతి పట్టణం మురుగులోని ఫాస్ఫరస్‌ను తీసేసి గానీ వదలకూడదని పట్టుబట్టి శుద్ధి కేంద్రాలు కట్టారు. ఇప్పుడు రాజధాని మధ్యలో జనం ఈదుతున్నారు, గాలం వేసి చేపలు పడుతున్నారు. నంద్యాలలో చామకాలువ, మద్దిలేరు, కుందూ చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే. సంపన్న దేశం కదా, వాళ్ళకు చెల్లిందని కొట్టిపారేయవద్దు. ఆ పని మొదలుపెట్టేనాటికి వాళ్ళ సరస్సు పరిస్థితి మన కుందూ కంటే గొప్పగా ఏమీ లేదు.

మాది రాయి చెక్కే వృత్తి. స్వీడన్‌లో రాతిపని ఉందా?
– ఒక శిల్పి, ఆళ్ళగడ్డ

దేవతా విగ్రహాలు చెక్కే మీ సంప్రదాయం లాంటిది లేదు కానీ, రాతి మీద రాసే సంప్రదాయం గొప్పగా ఉంది. మేలారెన్ ఉత్తరపు ఒడ్డున ఉన్న ఉప్‌లాండ్ సీమలో దాదాపు 1,300 రూన్ శిలలున్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఒకేచోట అన్ని లేవు. ఎక్కువగా పదకొండో శతాబ్దానివి. నిలువుబండ మీద పాము మెలికలు తిరిగినట్టు ఒక పట్టీ, ఆ పట్టీలో అక్షరాలు. ఫలానావాడు తన తండ్రి జ్ఞాపకంగా ఈ రాయి నిలిపాడని, వంతెన కట్టించాడని రాస్తారు. చెక్కిన గీతల్లో ఎర్రరంగు నింపేవారు. మీకు నచ్చే విషయం ఒకటుంది. చెక్కినవాడు కొన్నిసార్లు తన పేరు కూడా రాసుకునేవాడు. ఓపిర్, ఫోత్, బల్లె అనే శిల్పుల చేతిపనిని ఈనాటికీ గుర్తుపట్టగలరు.

మన రాయలసీమలోనూ వీరగల్లులు ఇదే పని చేశాయి. రేనాటి చోళుల కలమళ్ళ శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. ఆ రేనాటి నేల మీద బండకు ఉలి పెట్టి తెలుగు రాసినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. మీరు చెక్కే ప్రతి విగ్రహం పీఠం వెనకనైనా మీ పేరు, ఊరు, సంవత్సరం చెక్కండి. అపచారమేమీ కాదు.

మేలారెన్ చూడాలంటే ఏ నెల మంచిది? అక్కడి పండుగలేమిటి?
– దంపతులు, నంద్యాల

జూన్ నడుమ నుంచి ఆగస్టు దాకా. జూన్ మూడో నాలుగో వారంలో మిడ్‌సమ్మర్ పండుగ. ఆకులూ పూలూ చుట్టిన స్తంభం చుట్టూ ఊరంతా ఆడుతుంది. రాత్రి పదిగంటలకూ వెలుగుంటుంది. ఆగస్టులో రొయ్యల్లాంటి క్రేఫిష్‌లను సోంపు లాంటి మొక్క ఆకుతో ఉడికించి అందరూ కలిసి తినే విందులు. స్టాక్‌హోమ్ నుంచి పడవలో బిర్కాకూ, రాజకుటుంబం నివసించే ద్రోట్నింగ్‌హోమ్ భవనానికీ వెళ్ళవచ్చు. మారియెఫ్రెడ్‌లో 1537లో మొదలైన గ్రిప్స్‌హోమ్ కోట తప్పక చూడండి. శాకాహారులైతే ఇబ్బంది లేదు, కొత్త ఆలుగడ్డలు, పాలు, పండ్లు పుష్కలం. వేసవి అయినా ఒక ఉన్నిచొక్కా తీసుకెళ్ళండి.

వచ్చే సంచికకు పాఠకులను ఒకటి కోరుతున్నాను. మీ ఊరి చెరువు పేరు, దాని తూముల పేర్లు, అలుగు ఎటు పారుతుంది, పూడిక చివరగా ఎప్పుడు తీశారు, ఆయకట్టు ఎంత ఉండేది, ఇప్పుడెంత – పెద్దలను అడిగి ఒక కార్డు మీద రాసి పంపండి. పాణ్యం, గడివేముల, బనగానపల్లె, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మండలాల నుంచి వచ్చినవన్నీ ఊరి పేరుతో సహా ఈ శీర్షికలోనే వరసగా ప్రచురిస్తాము.